రిజిస్టర్‌లో ఖాళీ గడి

ఎనిమిదిన్నర అయిందంటే పొయ్యి మీద ఉప్మా ఉన్నా సరే, దించేసి పెరట్లోకి పోవాలి. అక్కడ వానను కొలిచే డబ్బా ఉంది. లోపలి సీసాలో పడ్డ నీళ్లు గీతల గ్లాసులో పోసి, ఎంతో చూసి, రిజిస్టర్‌లో రాయాలి. రాసేది నేను. సంతకం మా ఆయన మొగిలయ్యది. ధర్మసాగర్ దగ్గరి మా ఊళ్లో వానల మీద పరిశోధన చేసేవాళ్లు ఆ పని ఆయన పేరు మీద ఇచ్చారు. మొదటి వారం ఆయనే చూశాడు. ఆ వారం చుక్క పడలేదు. తర్వాత ఆరేళ్లూ నేనే.

మా దగ్గర ఎక్కువ రోజులు సున్నాలే. "సున్నా కూడా రాయాలండీ. ఖాళీగా వదిలితే ఆ రోజు ఎవరూ చూడలేదని అర్థం" అని రమ్య మేడం మొదట్లోనే చెప్పింది. పరిశోధన చేసేది ఆమే. చెప్పింది మా ఆయనకు. నేను చాయ్ కప్పులతో గుమ్మంలో నిలబడి విన్నాను.

నాకు గర్భసంచి తీసేసినప్పుడు నాలుగు రోజులు దవాఖానలో ఉన్నాను. ఇంటికొచ్చిన మర్నాడు ఆయన గడియారం చూసి "ఎనిమిదిన్నరయింది, వాన చూడవా?" అన్నాడు. ఎట్లున్నవని అడగలేదు. కుట్లు పట్టుకుని, గోడ పట్టుకుని పోయాను. సీసా నిండా నీళ్లున్నాయి. రిజిస్టర్‌లో నాలుగు రోజులకూ నాలుగు సున్నాలున్నాయి.

పోయినేడు మేడం చినుకుల సైజు కూడా కావాలంది. పళ్లెంలో గోధుమపిండి పరిచి కాసేపు వానలో పట్టుకుంటే, చినుకు పడ్డచోటల్లా పిండి ఉండ కడుతుంది. ఆరబెట్టి, జల్లించి, ఆ ఉండలు కొలవాలి. "పిండంత ఖరాబు చేస్తాన్నవు. ఇంట్ల పని లేదా నీకు?" అని అత్తమ్మ రోజంతా సణిగింది. మా ఎండలకు చిన్న చినుకులు నేలకు చేరకముందే గాలిలో ఆరిపోతాయట, అందుకే సైజు చూడాలట. ఆ మాటా మేడం ఆయనకే చెప్పింది. తడిసింది నేను, జల్లించింది నేను.

నిన్న మేడం ప్రశంసాపత్రం తెచ్చింది. ఆరేళ్లలో ఒక్క రోజూ ఖాళీ లేదట. ఆయన కొత్త చొక్కా వేసుకుని ఫొటో దిగాడు. "చూడకుంటే నాకు పొద్దు పోదు మేడం. మా ఇంటామెకు ఇవేం సమజ్ కావు" అని నవ్వాడు. మేడమూ నవ్వింది. నాకు కోపం వస్తుందేమోనని చూసుకున్నాను. రాలేదు. ఏడుపూ రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది. కప్పులు కడిగి బోర్లించాను.

ఈ తెల్లవారుజామున వాన దంచికొట్టింది. ఎనిమిదిన్నరకు నేను చాయ్ పోసుకుని గడపలో కూర్చున్నాను.

"ఎంత పడ్డది?" అన్నాడు ఆయన, సంతకానికి పెన్ను పట్టుకుని.

"చూడలే. నువ్వే చూసిరా."

గ్లాసు తీసుకుని పెరట్లోకి పోయాడు. పెద్ద వాన పడితే ఆ చిన్న గ్లాసులో కొంచెం కొంచెంగా మూడు నాలుగు సార్లు పోసి లెక్క కూడాలి. ఆయన సీసా మొత్తం ఒక్కసారే వంచేశాడు. నీళ్లు పొంగి మట్టిలో కలిశాయి. తడిసిన చేతులతో తిరిగొచ్చాడు.

"అంత పారిపాయె. ఎంత రాయాలె? సున్నా ఎయ్యాల్నా?"

"వద్దు" అన్నాను. చాయ్ ఇంకా వేడిగానే ఉంది. "ఖాళీగ వదిలెయ్. చూసే మనిషి లేదని తెల్వనియ్."