రుషికొండకి ఎంతండీ

2024 నవంబరు 24, ఆదివారం, ఉదయం పదిన్నర గంటలు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో, కైలాసగిరి కొండ దిగువనున్న ఆటో స్టాండు. ఆ సమయంలో అక్కడ ఉన్నవారు: ఉక్కు కర్మాగారంలో పనిచేస్తూ ఉక్కునగరం క్వార్టర్లలో ఉండే దొరబాబు, మండపేట దగ్గరి పల్లె నుంచి రెండు రోజులు ఊరు చూడడానికి వచ్చిన అతని అక్క చిట్టెమ్మ, ఆమె కూతురు, తొమ్మిదో తరగతి చదువుతున్న ఆశాజ్యోతి, వాళ్లను తిప్పుతున్న ఆటో డ్రైవరు ఎల్లాజీ, స్టాండు వరసలో మొదటి బండి డ్రైవరు సూరన్న, పక్కనే టీకొట్టు నడుపుతూ ఆ వరసను పలక మీద రాసే గంగాలమ్మ. మరో ఇరవై మంది డ్రైవర్లు కూడా ఉన్నారు గాని, తరువాత అడిగినప్పుడు వాళ్లలో ఒక్కరూ తాము అక్కడ ఉన్నామని ఒప్పుకోలేదు.

ఎల్లాజీ మామూలు రోజుల్లో ఉక్కునగరం పిల్లలు పదకొండు మందిని బడికి దింపుతాడు. పద్నాలుగేళ్లలో అతని బండి ఒక్కసారి బోల్తా పడలేదు, ఒక్క పిల్లకు మోకాలు చీరుకుపోలేదు. తల్లులు కళ్లు మూసుకొని పిల్లలను అతని బండి ఎక్కించడానికి కారణం అదే. దొరబాబు అతన్ని శని, ఆదివారాలు రెండు రోజులకూ మాట్లాడుకున్నాడు.

చిట్టెమ్మకు ఒక అలవాటుంది. కొన్న వస్తువు ధరను మరో నలుగురి దగ్గర అడిగి చూస్తే తప్ప ఆ వస్తువు తనదయినట్టు ఆమెకు అనిపించదు. ఆ ఉదయం చీకటితోనే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి, వేలంపాట చూసి, ఎండు నెత్తళ్లు కొన్నారు. సంచీ చేతిలో పట్టుకొనే ఆమె పక్క బుట్టల దగ్గర ధర అడగడం మొదలుపెట్టింది.

"కొనేసినావు కదమ్మా, మల్లీ ఏటడుగుతావు?" అంది బుట్ట ముందున్న ముసలమ్మ.

"ఊరికే తెలుసుకుందామనండి."

"తెలుసుకుని ఏటి సేత్తావ్? ఆ నెత్తల్లు మల్లీ సముద్రంలో వొదిలేత్తావా?"

చుట్టుపక్కల బుట్టలన్నీ నవ్వాయి. "మీ అక్కని పోలీసోల్లు సూత్తే ఎంక్వైరీలకి ఎట్టేసుకుంతారు బావా," అన్నాడు ఎల్లాజీ. చిట్టెమ్మ కూడా నవ్వింది. అక్కడి నుంచి వచ్చి, బీచ్‌లో నిలిపి ఉంచిన సబ్‌మెరైన్‌ను బయటి నుంచే చూశారు. ఆపైన కొండ ఎక్కి, దిగారు.

ఇక రుషికొండ మిగిలింది. స్టాండు సరిహద్దుకు రోడ్డు మీద సున్నపు గీత ఉంది. బయటి బండ్లు దాని అవతల ఆగాలి. ఎల్లాజీ ఆ పద్ధతి తెలిసినవాడు కనుక గీతకు యాభై గజాల దూరంలో ఆపుకొని ఉన్నాడు. దొరబాబు అతనికి ఫోను చేస్తుండగా, చిట్టెమ్మ వరసలో ముందున్న ఆటో దగ్గరికి నడిచింది.

"రుషికొండకి ఎంతండీ?"

"మూడొందలమ్మా," అన్నాడు సూరన్న.

"అమ్మో, మూడొందలే! రెండొందలకి రారాండీ?"

సూరన్న ఏడు గంటల నుంచి ఆ వరసలో ఒక్కొక్క బండే ముందుకు జరుపుకుంటూ వచ్చాడు. మొదటి స్థానానికి చేరి పది నిమిషాలు కాలేదు. "సరేనమ్మా, ఎక్కండి," అని బండి స్టార్టు చేసి, వరసలోంచి బయటికి తీశాడు. టీకొట్టు దగ్గర గంగాలమ్మ పలక మీద అతని నెంబరు చెరిపేసింది.

స్టాండులో ఒక నియమం ఉంది. వరసలోంచి బయటికి తీసిన బండి వంతు అయిపోయినట్టే. తరువాత బేరం చెడినా సరే, ఆ బండి వెళ్లి చివర నిలబడాలి. ఎక్కిన మనిషిని వదిలేసి అంతకన్నా మంచి బేరం కోసం ఆగేవాళ్లను అదుపు చేయడానికి పెట్టుకున్న నియమం అది. ఊరు చూడడానికి వచ్చినవాళ్లకు అది తెలిసే వీలు లేదు.

"ఊరికే అడిగానండీ. మాకు బండుంది," అంది చిట్టెమ్మ, పొద్దున నవ్విన నవ్వే నవ్వి.

అప్పటికి, దొరబాబు ఫోనులో రమ్మనడంతో, ఎల్లాజీ బండి గీత దాటి వచ్చి ఆగింది. ముగ్గురూ ఎక్కారు.

"గంగాలమ్మా, నా నెంబరు నాకెట్టీ," అని అరిచాడు సూరన్న.

"లైను దాటినావు. ఎనక్కెల్లు."

"బేరం నాతోటి తెగింది. ఎక్కించుకున్నాడు ఆడు!"

"అయితే ఆడితోటి సూసుకో. నా పలకతోటి కాదు."

సూరన్న చూసుకోవడానికే బయలుదేరాడు. తన బండిని తెచ్చి ఎల్లాజీ బండికి అడ్డంగా నిలిపి, దిగి, సీటు కింద నుంచి జాకీ రాడ్డు తీశాడు.

"ఏటిరా, మా స్టాండులో మా బేరం ఎత్తుకెల్లిపోతావా?"

"నీ బేరం కాదు బావా. నిన్నటి నించీ నా బండే. ఆయమ్మ ఊరికే అడిగినాది."

"ఊరికే అడిగినాదా? ఊరికేనే నా వంతు పోయినాదా?"

"అడిగింది నేనండీ, ఆయన్నేమీ అనకండి," అని చిట్టెమ్మ వెనక సీట్లోంచి తల బయటికి పెట్టింది. ఆమె మాట ఎవరూ వినలేదు.

ఆటోలో ఎడమచెయ్యి క్లచ్చుకూ గేరుకూ, కుడిచెయ్యి ఆక్సిలేటరుకూ ఉంటాయి. ఎల్లాజీ కుడిచెయ్యి దాని మీదే బిగిసి ఉంది. మొదటి దెబ్బ ఆ వేళ్ల మీద పడింది. పచ్చికట్టె విరిగిన చప్పుడయింది. నొప్పికి చెయ్యి మెలితిరగడంతో ఆక్సిలేటరు కూడా తిరిగి, బండి ఎగిరి సూరన్న బండిని గుద్దింది. రెండో దెబ్బ మళ్లీ అదే వేళ్ల మీద. మూడోది మణికట్టు మీద. ఎల్లాజీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు; తీసుకోవాలని అతను అనుకున్నా వేళ్లు కదలలేదు. హ్యాండిలు మీదుగా కారిన నెత్తురు అతని ఖాకీ చొక్కా ఒళ్లో మడుగు కట్టింది.

దొరబాబు దిగాడు. కొలిమి నుంచి ఇనుము పారే కాలువలో గడ్డకట్టిన ఇనుప మడ్డిని పొడవాటి కడ్డీతో పగలగొట్టడం పద్దెనిమిదేళ్లుగా అతని పని. నాలుగో దెబ్బకు లేచిన రాడ్డును అతను గాలిలోనే పట్టుకొని, సూరన్న మోచేతిని వెనక్కి విరిచి, లాక్కున్నాడు. మొదటి దెబ్బ భుజం మీద వేశాడు. సూరన్న ఒరిగాడు. రెండోది తల మీద వేశాడు. సూరన్న పడిపోయాడు. అక్కడితో ఆగి ఉంటే ఇదంతా వేరుగా ఉండేది. అతను ఆగలేదు. వీపు మీద, తొడల మీద, పడుకున్న మనిషి ఎక్కడ చెయ్యి అడ్డుపెడితే అక్కడ, పనిలో కొట్టినట్టుగానే, ఒకే తూకంతో కొడుతూ పోయాడు.

"మావయ్యా, చాలు! చచ్చిపోతాడు మావయ్యా!" అని ఆశాజ్యోతి కేక పెట్టింది.

చిట్టెమ్మ వెళ్లి తమ్ముడి చేతికి వేలాడింది. ఎవరో తెలియకుండానే అతను మోచేత్తో వెనక్కి పొడిచాడు. ఆమె పెదవి పగిలింది. కింద పడినప్పుడు గాజులు చిట్లి మణికట్టులో దిగాయి. ఈలోగా డ్రైవర్లు చేరారు. ఒక రాయి ఎల్లాజీ బండి అద్దాన్ని పగలగొట్టింది. ఒకడు పైనున్న రెక్సినును కత్తితో నిలువునా చీరాడు. ఇంకొకడు ఆశాజ్యోతిని జడ పట్టుకొని బయటికి ఈడ్చాడు. దొరబాబు రాడ్డు ఎత్తి అటు తిరిగాడు.

అప్పుడు గంగాలమ్మ పొయ్యి మీద మరుగుతున్న టీ గిన్నెను రెండు గుడ్డలతో ఎత్తి తెచ్చి, గుంపుకూ దొరబాబుకూ మధ్య విసిరికొట్టింది. వేడి టీ అందరి కాళ్ల మీదా పడింది. అందరూ అరుస్తూ వెనక్కి గెంతారు.

"ఇంక సాలు! ఇక్కడ శవం లేత్తే మీ స్టాండూ ఉండదు, నా కొట్టూ ఉండదు. ఆడి బండిలో ఆడు, ఈడి బండిలో ఈడు, ఆసుపత్రికి నడండి!"

ఎల్లాజీ బండిని నడపడానికి ఆ స్టాండులో ఎవరూ రాలేదు. దొరబాబుకు ఆటో రాదు. చివరికి ఇద్దరూ డ్రైవరు సీటులో ఇరుక్కొని కూర్చున్నారు. ఎల్లాజీ ఎడమచేత్తో క్లచ్చు, గేరు చూశాడు. నెత్తురుతో జారిపోతున్న ఆక్సిలేటరును దొరబాబు తిప్పాడు.

"తిప్పు బావా... వొదిలీ... గేరెయ్యాల... ఇప్పుడు తిప్పు, మెల్లిగా. ఎనక పిల్లుంది."

విరిగిన చెయ్యి అతని ఒళ్లో, చిట్టెమ్మ చీరకొంగు చించి చుట్టిన మూటలా ఉంది. వెనక మూడు ఆటోలు హారన్లు మోగిస్తూ తరుముకొచ్చాయి. మొదటిదానిలోంచి సూరన్న కాలు ఒకటి బయటికి వేలాడుతోంది. ఆ బండే రెండుసార్లు వెనక నుంచి గుద్దింది. రెండుసార్లూ ఎల్లాజీ ఒంటిచేత్తో హ్యాండిలును నిలబెట్టాడు. ఎంవీపీ కాలనీ మలుపులో ఎడమ చక్రం పేవ్‌మెంటు ఎక్కింది. చిట్టెమ్మ కూతురి మీద పడి కళ్లు మూసుకుంది. బండి బోల్తా పడలేదు.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇద్దరినీ చేర్చుకున్నారు. సూరన్నకు తల మీద పద్నాలుగు కుట్లు పడ్డాయి, భుజం ఎముక విరిగింది. ఎల్లాజీకి మూడు వేళ్లు, మణికట్టు విరిగాయి. ఒక వేలు ఇక ముడుచుకోదనీ, మిగిలినవి నాలుగైదు నెలల్లో పట్టు చిక్కించుకోవచ్చుననీ డాక్టరు చెప్పాడు. "బండి నడపగలనా?" అని ఎల్లాజీ మూడుసార్లు అడిగాడు. మూడోసారి డాక్టరు నడపవచ్చునన్నాడు.

హెడ్ కానిస్టేబులు వచ్చి అందరి పేర్లూ రాసుకున్నాడు. "రెండు కంప్లయింట్లయితే రెండు కేసులు. ఎవరూ ఎవర్నీ కొట్టలేదంటే ఏ కేసూ లేదు. నాలుగింటికొస్తాను, ఆలోచించుకోండి," అని వెళ్లిపోయాడు.

మూడు గంటలకు గంగాలమ్మ ఒక కాగితం తెచ్చింది. ఎల్లాజీ అజాగ్రత్తగా నడపడం వల్ల కొండ మలుపులో అతని ఆటో బోల్తా పడిందనీ, అడ్డువచ్చిన సూరన్నకు కూడా దెబ్బలు తగిలాయనీ, ఎవరి మీదా ఎవరికీ ఫిర్యాదు లేదనీ అందులో ఉంది. కింద సూరన్న వేలిముద్ర అప్పటికే పడింది. ఎల్లాజీ సంతకానికి, సాక్షిగా చిట్టెమ్మ సంతకానికి చోటు వదిలారు.

"నాను బోల్తా ఎట్టనేదు," అన్నాడు ఎల్లాజీ. "నన్ను కొట్టినాడు."

"కొట్టాడని నాకూ తెలుసు," అన్నాడు దొరబాబు. "కేసయితే నన్ను లోపలేస్తారు. రెండు రోజులు లోపలుంటే సస్పెన్షన్. నీకోసమే కదా కొట్టాను. పిల్లలున్నారురా నాకు."

"నాకు నేరా బావా? సెయ్యి అతుక్కుంతాదన్నాడు డాక్టరు. ఈ కాయితం అతుక్కోదు. బండి బోల్తా ఎట్టినోడని నానే రాసిచ్చేత్తే, రేపు ఏ తల్లి పిల్లనెక్కిత్తాది నా బండి? పదకొండు మంది పిల్లలు. పద్నాలుగేల్లు."

"ఎవరికి తెలుస్తుంది? ఇది మనమధ్యే ఉంటుంది."

"టేసన్లో ఉంతాది. ఉక్కునగరంలో మా సెక్టారంతా తెల్లారికి తెలుస్తాది."

"సంతకం పెట్టు ఎల్లాజీ."

"నాను పెట్టను."

దొరబాబు మంచం మీద కూర్చున్నాడు. కట్టు కట్టిన చేతి మీద తన చెయ్యి వేశాడు. మొదట చూసినవాళ్లకు అది ఓదార్పులాగే కనిపించింది. తరువాత ఎల్లాజీ మెడ నరాలు ఉబ్బాయి. అతను అరవడానికి నోరు తెరిస్తే దొరబాబు రెండో అరచేత్తో ఆ నోరు మూశాడు. కట్టు మీద ఎర్రటి మరక ఒకటి పుట్టి, రూపాయి బిళ్లంత అయి, అరచెయ్యంత అయింది. దొరబాబు ముఖంలో కోపం లేదు. అతని కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. నొక్కడం మాత్రం ఆపలేదు.

"పెట్టరా," అన్నాడు. "పెట్టరా బావా."

ఎల్లాజీ ఎడమచెయ్యి చాచాడు. గంగాలమ్మ అందులో పెన్ను పెట్టింది. అతను వంకరటింకరగా తన పేరు రాసి, గోడవైపు తిరిగిపోయాడు.

"ఇంక మీదేనమ్మా," అని గంగాలమ్మ కాగితాన్ని చిట్టెమ్మకు అందించింది.

చిట్టెమ్మ ఉబ్బిన పెదవి కదుపుకుంటూ కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది. మళ్లీ చదివింది. ఆశాజ్యోతి తల్లి ముఖంలోకి చూస్తోంది.

"మలుపులో పడిందా, అమ్మా?" అంది ఆ పిల్ల.

"అక్కా, తొందరగా కానీ. నాలుగవుతోంది," అన్నాడు దొరబాబు.

చిట్టెమ్మ కాగితం వెనక్కి తిప్పి, ఒళ్లో సంచీ మీద ఆనించుకొని రాయడం మొదలుపెట్టింది. ఎక్కడ నిలబడిందో, ఎవరిని రేటు అడిగిందో, ఆ అడగడం అవసరం లేకపోయినా ఎందుకు అడిగిందో రాసింది. సూరన్న ఎన్ని దెబ్బలు కొట్టాడో, అవి ఏ చేతి మీద పడ్డాయో రాసింది. తన తమ్ముడు ఎన్ని కొట్టాడో తాను లెక్కపెట్టలేకపోయానని రాసింది. ఎల్లాజీ బండి ఎక్కడా బోల్తా పడలేదనీ, విరిగిన చేత్తో కూడా పడనివ్వలేదనీ రాసింది. కాగితం ముందువైపున్న ఎల్లాజీ సంతకం ఎలా వచ్చిందో చివర రాసింది.

దొరబాబు ఆమె భుజం మీదుగా చదివి, చెయ్యెత్తాడు. ఆ చేతికి ఎల్లాజీ నెత్తురు ఇంకా తడిగానే ఉంది.

"నా చెయ్యి కూడా నొక్కుతావేంట్రా?" అంది చిట్టెమ్మ, తలెత్తకుండా. "ఎడంచేత్తో నాకు రాయడం రాదు."

ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది.

"అది ఇచ్చేవంటే మీ తమ్ముడు లోపలికెల్తాడు," అంది గంగాలమ్మ.

"తెలుసండీ," అంది చిట్టెమ్మ.

మంచం మీద ఎల్లాజీ గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. ఆమె తేదీ వేసి, తన పేరు పూర్తిగా సంతకం చేసింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, హెడ్ కానిస్టేబులు వచ్చేదాకా ఎవరి చేతికీ అందకుండా సంచీలో నెత్తళ్ల పొట్లం కింద పెట్టి, జిప్పు మూసింది.