వాలు చూసి ఆపే మనిషి

టీకొట్టు ఎదురుగానే బోలెడు చోటుంది. అయినా డ్రైవరు వంద గజాలు ముందుకు పోయి, రోడ్డు కిందికి వాలిన చోట లారీ ఆపి, ముందు చక్రానికి రాయి పెట్టాడు. సెల్ఫ్ మోటారు పోయి రెండేళ్ళయింది. తాళం తిప్పితే టక్కుమనడమే తప్ప ఇంజను తిరగదు. వాలులో వదిలి, దొర్లుతుండగా గేరు వేస్తే మాత్రం బుద్ధిగా అందుకుంటుంది. అందుకే ఏ ఊరు పోయినా ఆయన ముందు వెతికేది సరుకు దింపే చోటు కాదు, వాలు.

“మా అత్తగారైనా నన్నింత నడిపించలేదు,” అంది భార్య, టీకొట్టు దాకా వెనక్కి నడుస్తూ.

“ఈ ఒక్కరోజూ ఓర్చుకో.”

ఆయనకు యాభై ఎనిమిది. పొట్టి మనిషి. కిటికీ వైపు చెంప రెండోదానికన్నా నలుపు. స్టీరింగు వదిలినా వేళ్ళు వంగే ఉంటాయి. ముప్ఫై ఏళ్ళ బతుకును తూకం వేస్తే ఒక పళ్ళెంలో ఊళ్ళకు చేర్చిన సిమెంటు, ఉల్లిపాయలు, ఇటుకలు. రెండో పళ్ళెంలో ఇంట్లో పడుకోని రాత్రులు. ఏది బరువో భార్యనడగాలి.

వచ్చే నెల నుంచి పాత డీజిల్ లారీలకు మార్కెట్లోకి ప్రవేశం లేదు. లారీని తుక్కు యార్డుకు అప్పగిస్తే ప్రభుత్వం ఒక కాగితం ఇస్తుంది. దాన్ని చూపితే కొత్త బ్యాటరీ లారీ ధరలో నాలుగో వంతు తగ్గుతుంది, మిగతాదానికి బ్యాంకు ముందుకొస్తుంది. ఆ కాగితం లేకపోతే, ఈ వయసులో మళ్ళీ ఇంకొకరి బండికి జీతగాడు. గడువు ఇవాళ సాయంత్రం ఐదు. షరతు ఒక్కటే, లారీ తన ఇంజనుతో తానే గేటు దాటాలి. డొక్కు రేకులు తోసుకొచ్చి కాగితాలు పట్టుకుపోయిన ఘనులు లోగడ ఉన్నారట. ఇన్నాళ్ళూ ఆయనే, ఇంకొక్క లోడు, ఇంకొక్క లోడు అంటూ నెట్టుకొచ్చాడు.

నాలుగున్నరకు యార్డు గేటు ముందు వరుసలో చేరారు. ముందు ఆరు లారీలు. కాపలాదారు కర్రతో తలుపు తట్టాడు.

“పెద్దాయనా, ఇంజను ఆపు. ఇక్కడ ఊరికే పొగ వదలకూడదు. కొత్త రూలు.”

యూనిఫాం మాటకు ఎదురు చెప్పడం ఆయన ఒంట్లో లేదు. చెయ్యి తాళం తిప్పేసింది.

భార్య కిటికీలోంచి నేల చూసింది. అరచేయిలా చదును.

“ఏమండీ, వాలేదీ?”

ఆయన సీటు కింది చెప్పులు తీసి నేల మీద పడేశాడు. దిగి గేటు గుమాస్తా దగ్గరికి పరుగెత్తాడు.

“తోసుకొస్తే చెల్లదు,” అన్నాడు గుమాస్తా.

“మీవాడే ఆపమన్నాడు బాబూ.”

“అదీ రూలే, ఇదీ రూలే.”

వెనకే వచ్చిన భార్య గేటు ముందు నేల మీది తెల్ల గీత చూపిస్తూ అందుకుంది. “గీతకు ఇవతలే తోస్తాం. గీత దాటేది ఇంజనే. మీ రూలుకేం నొప్పి?”

గుమాస్తా గడియారం చూశాడు, ఆమెను చూశాడు. “గీత దగ్గరికొచ్చేలోపు చేతులు తీసెయ్యాలి మరి.”

ముందు లారీలు లోపలికి పోయి దారి ఖాళీ అయింది. వెనక లారీల డ్రైవర్లు దిగొచ్చారు.

“నువ్వెక్కు బాబాయ్! ఇన్నేళ్ళు ఇవి మనల్ని మోశాయి, నాలుగడుగులు తోస్తే అరిగిపోంలే.”

“పిన్నీ, నువ్వు తప్పుకో.”

“నేనెందుకు తప్పుకుంటాను? దీన్ని సాగనంపాలని ఎన్నేళ్ళ నుంచో చూస్తుంటే!” అంటూ ఆమె రెండు చేతులూ వెనక తలుపుకు ఆనించింది.

ఆయన గేరు వేసి క్లచ్ తొక్కిపట్టాడు. లారీ మూలిగి కదిలింది. గీతకు పది గజాల ముందు క్లచ్ వదిలాడు. లారీ ఒళ్ళంతా దగ్గి, నల్లగా కక్కి, అందుకుంది. ఆ పొగంతా కాపలాదారు ముఖానికే తగిలింది. చేతులన్నీ ఒక్కసారిగా గాల్లోకి లేచాయి.

లోపల యార్డు పనివాడు చోటు చూపించాడు. “ఇక ఆపేయొచ్చండి.”

ఆయన ఆపలేదు. భార్య వచ్చి పక్కన ఎక్కి కూర్చుంది. కాసేపు ఇద్దరూ ఆ చప్పుడు విన్నారు. ఆమె తాళం మీదున్న ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

“అలిసిపోయిందండీ. ఆపండి.”

ఆపాడు. ఇంజను రెండుసార్లు అదిరి ఊరుకుంది.

కాగితం తీసుకుని పక్క గేటు గుండా బయటికొచ్చి బస్సెక్కారు. సగం దూరం వచ్చాక ఆమె కిందికి చూసింది.

“చెప్పులేవండీ?”

ఆయన తన కాళ్ళను తానే కొత్తగా చూసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ చెప్పులతో క్యాబిన్ ఎక్కలేదు. అంత కంగారులోనూ కింద విడిచే ఎక్కాడు, లోపలికి తీసుకోవడం మాత్రం మరిచాడు.

“వెనక్కి పోదామా?”

“వద్దులే.”

మూసేసిన పెద్ద గేటు బయట, లారీ తలుపు ఉండిన చోటికి తిరిగి, మడమలు అరిగిన చెప్పులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి.