నాలుగో వరుస దాకానే

మొదటి వరుసలో మొదటి మొక్కను మా ఆయన రాజమోహన్ రెండు చేతులా పట్టుకుని పీకబోయాడు. పాపను చంకనేసుకుని పోయి అడ్డం నిలబడ్డాను.

ప్లాస్టిక్ పట్టా కప్పిన మా పాలీహౌస్‌లో ఎనిమిది వరుసల టమోటా. ఇంకా నెలన్నర కాపు మిగిలి ఉంది. మొదటి నాలుగు వరుసల్లో చిగుళ్లు దారాల్లా సన్నబడి మెలి తిరిగాయి. ఆత్మకూరు మందుల షాపాయన ఫోన్‌లో ఫొటో చూసి వైరస్ అన్నాడు. ఆయన ఇచ్చిన మందులు రెండు వారాలు కొట్టినా తగ్గలేదు. అంటుకునే జబ్బు, మొత్తం పీకెయ్యమన్నాడు.

మా అత్త శీనమ్మకు ఏ షాపాయనా అక్కర్లేకపోయింది. పోయిన నెల కూలి మనిషి రాకపోతే, ముట్టు రోజుల్లో నేను లోపలికి పోయి మొక్కలకు తాళ్లు కట్టాను. అందుకే పంట చెడిందని వీధిలో ఎవరు పలకరించినా చెప్పింది. పాలు పోసే ఆమె కూడా నన్ను అదోలా చూసింది.

"మే, జరుగు. నువ్వు చేసింది చాలదా?" అన్నాడు మా ఆయన.

ఒళ్లు మండిపోయింది. "ఏం చేసినాను? ఎనిమిది వరుసలకూ తాళ్లు కట్టినాను. చెడింది నాలుగు. నా ముట్టుకి లెక్కలొచ్చా, నాలుగో వరుస కాడ ఆగేదానికి?"

"నోరు చూడు దీనికి! పదో తరగతి గట్టెక్కనిది డాక్టరమ్మ అయిపోయినాది" అంది అత్త పాలీహౌస్ తలుపు దగ్గర నుంచి.

"డాక్టరైనా చెయ్యి పట్టుకుని చూస్తాడు అత్తా. ఆ షాపాయన ఒక్క ఆకన్నా తాకినాడా?"

ఐదో వరుస వైపు చూపించాను. "పక్కపక్కనే గదా! వైరస్ అయితే ఇన్నాళ్లూ అడుగు దాటకుండా కూర్చుంటదా? ఆ పసుపు జిగురు అట్టలు చూడు, వైరస్ మోసే తెల్లదోమ ఒక్కటన్నా అంటుకోనుండాదా? జబ్బు రాకముందు నువ్వు పురుగు మందు కొట్టినావే, ఆ రోజు నాలుగో వరుస అయినాక ఏం జరిగింది?"

ఆయన మొక్కను వదిలి నడుం ఎత్తాడు. "చార్జింగ్ అయిపోయింది. అది అన్న బ్యాటరీ స్ప్రేయరు. మిగతావి మన చేతి పంపుతో కొట్టినా."

"ఆ స్ప్రేయరు డబ్బాలో మిగిలింది యాడ పారబోసినావు?"

ఆయన ఇంటి వైపు చూశాడు. చెయ్యి పట్టుకుని ఇంటి ముందున్న దడి దగ్గరికి లాక్కొచ్చాను. చిక్కుడు తీగ చిగుళ్లు అచ్చం అలాగే మెలి తిరిగి ఉన్నాయి.

"దీనికి కూడా నేనే తాళ్లు కట్టినానా?"

సంగం దగ్గర వరి పెట్టిన ఆ అన్నకు, మా బావ పెంచలనరసయ్యకు, అప్పటికప్పుడే స్పీకరు పెట్టి ఫోన్ చేయించాను.

"మాకిచ్చే ముందు నీ స్ప్రేయరుతో ఏం కొట్టినావన్నా?"

"వరిలో కలుపు మందు. ఏంది రా ఇప్పుడు?"

"కడిగినావా?"

"కాలవలో ఒకసారి జాడించినాలే."

ఆ మందు వరిని ఏమీ చెయ్యదు గానీ, డబ్బాలో కాస్త మిగిలినా టమోటా, చిక్కుడు చిగుళ్లను మెలి తిప్పేస్తుంది. పాప అశ్విత ఏడ్చినప్పుడల్లా నేను చేతికిచ్చింది ఆ మొదటి వరుస కాయలే. "ఇప్పుడే పాపని ఆత్మకూరు తీసుకుపోయి డాక్టరుకి చూపించాల" అన్నాను.

"బస్సు మధ్యాహ్నం ఉండాది, పోదాం" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "అన్న కావాలని చేసినాడా? వొదిలెయ్" అన్నాడు.

"నన్ను వీధంతా అన్నప్పుడు వొదిలెయ్యమని ఎవరన్నా అన్నారా? రేపు ఆ పాలామెతో అత్తే చెప్పాల, ఇది కలుపు మందు పని అని."

మా వెనకే వచ్చి అరుగు మీద కూర్చున్న అత్త గొంతు తగ్గించింది. "చెప్తాలే అమ్మే. అయినా ఆ రోజుల్లో లోపలికి పోబాక. మంచిది కాదు."

ఆ రోజు నాకు రెండో రోజు. ఆమెకూ తెలుసు. పాపను తీసుకుపోయి ఆమె ఒడిలో కూర్చోబెట్టాను. నా చెయ్యి ఆమె చేతికి తగిలింది. ఆమె ఉలిక్కిపడింది. నేను మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

బుట్ట తీసుకుని లోపలికి పోయి, ఐదో వరుసలో పండిన కాయలు కోయడం మొదలుపెట్టాను.

"ఆ నాలుగు వరుసలూ పీకి గుంతలో పూడ్చు. వీటి జోలికి రాబాక" అని మా ఆయనకు కేకేసి చెప్పాను.