ఒప్పుకోలు శనివారం

ఆ శనివారం మధ్యాహ్నం జకరయ్య మాస్టారి ఇంట్లో ఆరుగురున్నారు. ముందు గదిలో పాస్టరు ఏలియాగారు, ఆయన పక్క కుర్చీలో మాస్టారు, చాప మీద ఆటో నడిపే అప్పాజీ, భీమవరంలో ఐసు ఫ్యాక్టరీకి పనికెళ్ళే బుల్లియ్య. వంటింట్లో మాస్టారి భార్య సువార్తమ్మ, పదో తరగతి చదువుతున్న కూతురు సత్యకుమారి.

మర్నాడు నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు రోజు ఆ సంఘంలోని మగవాళ్ళు ఒకచోట కూర్చుని, నెలంతా చేసిన తప్పులు ఒకరి ముందు ఒకరు ఒప్పుకోవాలి. తుఫానుకి మందిరం రేకులు లేచిపోయిన దగ్గర్నుంచి ఆ కూటం మాస్టారింట్లోనే. ఎవరు బల్ల ముట్టవచ్చో, ఎవరు ముట్టకూడదో చెప్పేది కూడా సంఘపెద్దయిన మాస్టారే. ఆఖరున ఇంటి యజమాని వంతు వచ్చినప్పుడు, ఆ ఇంటివాళ్ళని గుమ్మం దగ్గరికి పిలిచి ‘సమాధానంగా ఉన్నారా’, అంటే గొడవల్లేకుండా ఉన్నారా అని అడగడం ఆనవాయితీ.

సత్యకుమారి బుధవారం నుంచి ఈ మధ్యాహ్నం కోసమే ఎదురుచూస్తోంది. బుధవారం కూటానికి బయల్దేరుతూ, లాల్చీ ఇస్త్రీ కాలేదని నాన్న అమ్మ చెయ్యి మెలిపెట్టాడు. ఎముక దగ్గర ఏదో పటుక్కుమంది. అమ్మ పసుపూ సున్నం పట్టు వేసుకుని, అడిగినవాళ్ళందరికీ బోరింగు దగ్గర జారిపడ్డానని చెప్పుకుంటోంది. అయినా నాన్న చెబుతాడని పిల్ల నమ్మకం. తప్పు చేసినవాడికంటే దాచినవాడే పిరికివాడని ఆయన ఎన్ని ఆదివారాలు చెప్పాడో లెక్కలేదు.

టీ గ్లాసులు ఇచ్చి వచ్చి తలుపు వెనక నిలబడింది.

“కోడిపందేలు చూశానండి,” అంటున్నాడు అప్పాజీ. “ఆడలేదండి. ఆటో ఆపి చూశానంతే.”

“ఎంతసేపు చూశావేంటి?” అన్నారు పాస్టరుగారు.

“రెండు పందేలండి. మూడోది చూద్దామంటే బేరం వచ్చేసిందండి.”

“ఆ బేరాన్ని ప్రభువే పంపుంటాడు,” అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు, బుల్లియ్య తప్ప.

బుల్లియ్య వంతు వచ్చింది. చాప పుల్ల ఒకటి పీకాడు.

“మా ఆవిడ లక్ష్మిని కొట్టానండి. చెంప మీద.”

“ఒక్కటేనా?” అన్నారు మాస్టారు.

“రెండండి. క్షమించమని అడిగానండి. క్షమించానందండి, కానీ మాట్లాడట్లేదండి.”

“ఎందుకు మాట్లాడుతుంది? భార్య మీద చెయ్యెత్తేవాడు మగాడేంటి బుల్లియ్యా? తలకాయెత్తు. మొహం చూసి చెప్పు, మగాడేనా?”

“కాదండి.”

“మూడు నెలలు బల్ల ముట్టకు. వెనక చాప మీద కూర్చో. మూడు నెలలయ్యాక నేను పిలిస్తే రా.”

బుల్లియ్య భుజం మీది తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తలుపు వెనక సత్యకుమారికి అతని మీద జాలేసింది, వెంటనే ధైర్యమూ వచ్చింది. ఇంత మాట అన్నాక నాన్న ఇక దాచలేడు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు.

“ఉపవాస ప్రార్థనలో రెండుసార్లు కునికిపాట్లు పడ్డానండి.”

“వయసండి మాస్టారూ,” అన్నారు పాస్టరుగారు. “ఇంకేమైనా?”

“అంతేనండి.”

సువార్తమ్మని పిలిచారు. ఆమె చీర చెంగు చేతి పట్టు మీదికి లాక్కుని గుమ్మంలో నిలబడింది. సత్యకుమారి ఆమె వెనకే నిలబడింది.

“ఏమ్మా, సమాధానంగా ఉన్నారా?”

“ఉన్నామండి.”

పాస్టరుగారు ప్రార్థనకి కళ్ళు మూయబోతున్నారు. బళ్ళో హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్ల, ఆయన కళ్ళు మూసుకునేలోపే చెప్పేయాలనుకుంది.

“అయ్యగారూ, అమ్మ బోరింగు దగ్గర పడలేదండి. నాన్నగారు చెయ్యి మెలిపెట్టారండి. లాల్చీ కోసం.”

అప్పాజీ ఖాళీ గ్లాసు ఎత్తి తాగాడు. మాస్టారు కోప్పడలేదు. క్లాసులో తప్పు జవాబు చెప్పిన పిల్లని చూసినట్టు చూశారంతే.

పాస్టరుగారు కూతుర్ని వదిలి తల్లి వైపు తిరిగారు. “సువార్తమ్మా, ఏం జరిగిందో నువ్వు చెప్పు.”

“పడ్డానండి,” అని ఆమె వెనక్కి చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

“విన్నారుగా,” అన్నారు మాస్టారు. “చదువు ఎక్కువైతే పిల్లలు కథలల్లుతారు.”

సత్యకుమారి బుల్లియ్య వంక చూసింది. ఆ గదిలో నిజం చెప్పి దెబ్బతిన్నవాడు అతనొక్కడే. పిల్ల చెప్పింది నిజమేనని అతనికి అర్థమైంది. ఆ సంగతి అతని కళ్ళలో కనబడింది. ఆమె అడక్కుండానే చాప మీంచి లేచాడు.

“బుల్లియ్యా,” అన్నారు మాస్టారు, నెమ్మదిగానే. “ఆ వంటింటి తలుపు వేసిరా నాయనా. ప్రార్థన చేసుకుందాం.”

బుల్లియ్య గుమ్మం దాకా వచ్చి ఆగాడు. తువ్వాలు ఇంకా చేతిలోనే ఉంది. ఒకసారి వెనక్కి తిరిగి మాస్టారిని చూశాడు, మళ్ళీ ఆ పిల్లని చూశాడు.

“లోపలికెళ్ళు పాపా,” అన్నాడు ఆమెకి మాత్రమే వినబడేలా. “మూడు నెలలయ్యాక నన్ను పిలవాల్సింది మీ నాన్నగారే.”

ఆమె కదల్లేదు. అతను ఒక రెక్క, తర్వాత రెండో రెక్క దగ్గరికి లాగి, అవతలి నుంచి గడియ పెట్టాడు.