అరచేతిలో రైలు పట్టాలు

ఆదివారం పొద్దున్న టిఫిన్లయ్యాక ఢిల్లీ కంటోన్మెంటులో సుబేదార్ వీరాంజనేయులు క్వార్టరు ముందు బళ్ళు వరస కట్టేవి. ఆయన ఒక్కో ఇంజనులోంచి ఆయిలు కడ్డీ పైకి లాగి, ఒక చుక్క ఎడమ అరచేతిలో వేసుకుని ఎండకి పట్టేవాడు. ఇంజను లోపల అరిగి రాలిన రజను ఆ చుక్కలో కాసేపు తచ్చాడి, బండి ఎక్కడ ఆగిపోతుందో ఆ చోటు బొమ్మ కట్టేది. ఒకరికి ధౌలాకువా మలుపు, ఇంకొకరికి సొంత ఇంటి గుమ్మం. "ఠీక్ హై, అటు వెళ్ళంలెండి" అని టీ తాగి పోయేవారు. ధనమ్మ బాధల్లా మొగుడు ఆ చేతిని ఉతికిన తువ్వాలుకి తుడుస్తాడనే.

ఉన్నదున్నట్టు చెప్పడం వరకే ఆయన పని. ఇరవై ఆరేళ్ళ వర్క్‌షాపు సర్వీసులో చూసినదాన్ని ఎన్నడూ దిద్దలేదు. తనిఖీ చేసినవాడే రాత మారిస్తే ఇక తనిఖీ ఎందుకు, సున్నం కొట్టుకుంటే చాలదా అనేవాడు.

తొంభై ఆరు మార్చిలో అల్లుడు ఫణికుమార్ ఎర్ర స్పోర్ట్స్ కారు వేసుకొచ్చాడు. ఇద్దరే పట్టే కారు, వయసులో అల్లుడికంటే పెద్దది. ఎవరో దొర దేశం వదిలిపోతూ అమ్మితే కొన్నాడు. పెళ్ళయి ఆర్నెల్లయిన తేజశ్రీని పక్కన కూచోబెట్టుకుని ఆ రోజే అల్వర్ వెళ్ళాలని సరదా.

"ఒక్కసారి ఆయిలు చూడండి మామయ్యగారూ, బయల్దేరతాం."

వీరాంజనేయులు కడ్డీ లాగాడు. ఆయిలు తేనె రంగులో ఉంది. అరచేతిలో చుక్క చుక్కలాగే నిలిచిపోయింది. రజనూ లేదు, బొమ్మా లేదు. ముప్ఫై ఏళ్ళ ఇంజనులో అరుగుదల లేకపోవడమేమిటి?

"ఆయిలు ఎప్పుడు మార్చారు బాబూ?"

"నిన్న సాయంత్రమే." అల్లుడు కాస్త సిగ్గుపడ్డాడు. "మీరు చూస్తారు కదా, నల్లగా ఉంటే బాగుండదని."

జ్వరం చూపించుకోబోతూ చన్నీళ్ళ స్నానం చేసి వెళ్ళినట్టుంది. జనరల్ వస్తున్నాడంటే రాళ్ళకి కూడా సున్నం కొట్టే చోట తిరిగి తిరిగి అల్లుడికీ ఆ జబ్బే అంటింది.

"ఇవాళ్టికి ఆగితే..." అని నసిగాడు వీరాంజనేయులు. కొత్తల్లుడితో అంతకంటే గట్టిగా ఎలా చెప్పడం?

"ప్లీజ్ నాన్నా, హోటల్ బుక్ హో గయా," అంది తేజశ్రీ. కారు వెళ్ళిపోయింది.

ఆయన వాకిట్లోనే పచార్లు చేశాడు. ఓ గంట గడిచాక ధనమ్మ అడిగింది, "ఏమైందండీ?"

"పాత ఆయిలు ఎక్కడ పారబోయించాడో అడగలేదే."

"పారబొయ్యడమేంటి, నాకే తెచ్చిచ్చాడు. చెదలు పడుతున్నాయి తెమ్మన్నాను. ఇందాకే ద్వారబంధానికంతా పూశాగా."

వీరాంజనేయులు ద్వారబంధం మీద వేలితో గీసి, నల్లటి జిడ్డు అరచేతిలో వేసుకున్నాడు. పసుప్పచ్చని రజను బుసబుసా పైకి లేచింది. అయస్కాంతం దగ్గర పెడితే చలించలేదు. ఇనుము కాదు, బేరింగులు అరిగిపోతున్నాయి. చూస్తుండగానే రజను రెండు సన్నటి గీతలైంది. రైలు పట్టాలు. గేటు లేదు, కాపలా లేదు. పట్టాల మధ్య ఒక ఎర్రటి నలుసు. మణికట్టు వైపు నుంచి పొడుగాటి నల్లటి చార మెల్లగా పాకుతోంది.

స్కూటరు మీద వెంటపడినా ఆ కారుని అందుకోలేడు. దారిలో వాళ్ళకి కబురెలా అందుతుంది?

ఎన్నడూ చెయ్యని పని చేశాడు. కుడి బొటనవేలితో ఆ ఎర్ర నలుసుని పట్టాల ఇవతలికి నెట్టాడు. వేలు తియ్యగానే అది జారి మళ్ళీ పట్టాలెక్కింది. మళ్ళీ నెట్టాడు. ఈసారి వేలు తియ్యలేదు.

అలాగే మెట్టు మీద కూచున్నాడు. నలుసు వేలికింద సూదిలా గుచ్చుతూ ముందుకి తోసుకొస్తోంది. చెమటకి వేలు జారుతుందేమోనని ఊపిరి కూడా చిన్నగా తీశాడు. ధనమ్మ ఆ చేతిలోకి తొంగి చూసింది. అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టబోతే తల అడ్డంగా ఊపాడు. ఆవిడ కూడా తినకుండా పక్కన కూచుని, కొంగుతో ఆయన నుదురు తుడుస్తూ ఉంది.

రెండింటికి పక్కింటి సదాశివరావుగారు గోడ మీంచి కేకేశారు, ఫోనొచ్చిందని. వీరాంజనేయులు రెండు చేతులూ అలాగే పట్టుకుని వెళ్ళాడు. రిసీవరు ధనమ్మ ఆయన చెవికి ఆనించింది.

"నాన్నా, ఇంజన్ పట్టేసింది. పట్టాలకి రెండు బారల ముందు. ఈయన దిగి బానెట్ ఎత్తారో లేదో ట్రైన్ వెళ్ళిపోయింది. కూత కూడా వినపళ్ళేదు నాన్నా." అంది తేజశ్రీ.

అప్పుడు వేలు తీశాడు. నలుసు కదల్లేదు. పట్టాలూ నలుసూ చర్మం కిందికి దిగిపోయి ఉన్నాయి. కిరసనాయిలు పెట్టి తోమినా పోలేదు.

పై ఆదివారం మామూలుగానే బళ్ళొచ్చాయి. ఆయన అరచేతిలో చుక్క వేసుకుంటే చుక్కలాగే ఉండిపోయింది. "ఇక కనపడదు," అన్నాడు. అచ్ఛా అని టీ తాగి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం ఫణికుమార్, తేజశ్రీ బస్సులో వచ్చారు. అల్లుడు మామగారి చెయ్యి పట్టుకుని, పట్టాల ఇవతల ఆగిపోయిన ఎర్ర నలుసుని చాలాసేపు చూశాడు.

"ఇకమీదట నల్లగానే తెస్తాను మామయ్యగారూ."

"తెచ్చినా చూడలేను బాబూ," అన్నాడు వీరాంజనేయులు. "చేతిలో చోటు లేదు."