వరసలో మొదటి చోటు

పోతమ్మ నెత్తి మీది గంప దించేసరికి సూర్యకళ గోనెపట్టా పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టేసింది. ఆఫీసుకు వెళ్ళే ముందు తల్లికి రోజూ ఈ పాటి సాయం చేస్తుంది. సీతమ్మధారలో కూరగాయల దుకాణాలు దాటాక, ప్రహరీ గోడ నీడలో చేపలమ్మే ఆడవాళ్ళ వరస మొదలవుతుంది. సంచీ పట్టుకుని వచ్చిన వాళ్ళు మొదట కూర్చున్నామె ముందే ఆగుతారు. అక్కడ నచ్చకపోతేనే రెండో గంప వైపు నడుస్తారు. చిట్టచివర కూర్చునే ముసలమ్మ దాకా వచ్చేసరికి చాలామంది సంచీలు నిండిపోయి ఉంటాయి.

ఆ రోజు కూడా మొదటి చోటులో కూర్చునే వరహాలమ్మ రాలేదు. ఆమె గంపను పోతమ్మ అక్కడ బోర్లించింది. ఎవరైనా రాలేకపోతే పక్కనామె ఆ మనిషి గంపను తెచ్చి ఆమె చోటులో బోర్లించాలి. గంప బోర్లించి ఉన్న చోటులో ఇంకెవరూ కూర్చోరు. వరహాలమ్మ కూతురు ఈశ్వరి కామెర్లు ముదిరి పెద్దాసుపత్రిలో పడి ఉంది. అప్పటి నుంచి పోతమ్మ జాలరిపేటలో రెండు గంపలతో ఆటో ఎక్కుతోంది, ఒకటి నెత్తి మీద చేపలతో, ఒకటి చంకలో ఖాళీగా.

వేట నిషేధం ఎత్తేసి కొద్ది రోజులే అయింది. గంపలో కానాగంత చేపలు నీలంగా మెరుస్తున్నాయి. పోతమ్మ వాటి మీద నీళ్ళు చిలకరించింది. ఆమె అరచేతులు ఉప్పుకు నాని, ముడతల్లో తెల్లగా పగిలి ఉన్నాయి.

"ఆ గంప ఇటు జరిపీసి నువ్వే ముందు కూకోవచ్చు కదా," అంది సూర్యకళ.

"దాని సోటు."

"ఆవిడొచ్చినప్పుడు ఇచ్చీవొచ్చు."

పోతమ్మ చేపలను తలలన్నీ ఒకే వైపుకు వచ్చేలా సర్దుతూ, "ఈశ్వరి నిన్ను ఓపాలి రమ్మంటందే. నీతో ఏటో సెప్పాలంట," అంది.

"సూత్తాన్లే."

"మొన్నా అదే అన్నావు."

సూర్యకళ బోర్లించిన గంప వైపు చూసింది. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో తను ఇక్కడే తల్లి పక్కన కూర్చునేది, అవతల వరహాలమ్మ పక్కన ఈశ్వరి కూర్చునేది. వరహాలమ్మ గంపలో ఎన్ని చందువా చేపలున్నాయో తను మెడ సాచి చూస్తే పోతమ్మ నెత్తిన మొట్టేది. "పక్కదాని గంప కేసి సూడకే. నువ్వెటు సూత్తే బేరగాడూ అటే సూత్తాడు," అనేది. అవతల ఈశ్వరికీ అలాంటి మొట్టికాయలే పడేవి.

ఆఫీసు ఆ వీధిలోనే, పంటి డాక్టరు క్లినిక్ పైన. సూర్యకళ మెట్ల దగ్గర చెప్పులు విడిచి, సొరుగులో దాచుకున్న నిమ్మ సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. చేపల వాసన అని ఎవరూ ఎప్పుడూ అనలేదు. అయినా ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆమె కడుక్కుంటూనే ఉంది.

ఆమె పని సైట్లను పైకి తేవడం. ఎవరైనా గూగుల్‌లో ఏదైనా వెతికితే వచ్చే వరసలో తమ ఖాతాదారు సైట్ పైన కనిపించాలి. అందుకోసం దాని పేరును, చిరునామాను ఎక్కడెక్కడి సైట్లలోనో ఎక్కిస్తుంది. ప్రతిచోటా ఒకే సంగతిని వేరు వేరు మాటల్లో రాస్తుంది. చివర వంకరటింకరగా కనిపించే అక్షరాలను పోల్చుకుని కొట్టి, తాను మనిషినేనని రుజువు చేసుకుంటుంది. సాయంత్రానికి కళ్ళలోంచి నీళ్ళు కారతాయి. తను చూసే సైట్లలో ఆమెకు ముఖ్యమైనది గవర్రాజుది. ఆయన హార్బరుకు వచ్చే ఓడలకు కూరగాయలు, మంచినీళ్ళు, తాళ్ళు, రంగు డబ్బాలు అందిస్తాడు. ఓడ ఇంకా సముద్రంలో ఉండగానే, ఎక్కడో ఉన్న వాళ్ళ ఆఫీసు వాళ్ళు విశాఖపట్నంలో సరుకులిచ్చేది ఎవరని వెతుకుతారు. పైన కనిపించిన వాడికి ఫోను వెళుతుంది.

ఆ వ్యాపారమే చేసే ఇంకొకతని సైట్‌ను ఇంకో కంపెనీ తరఫున ఈశ్వరి చూసుకుంటుంది.

సూర్యకళ కంప్యూటర్ పెట్టి, ముందు తన మెయిల్ తెరిచింది. తర్వాత ఓడల వాళ్ళు వెతికే మాటలు కొట్టింది. మొదట ఈశ్వరిది. దాని కింద తనది.

ఆసుపత్రిలో పడుకుని కూడా పైనే ఉంది, అనుకుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు సిగ్గు వేయలేదు.

ఈశ్వరి సైట్ తెరిచి మొదటి నుంచి చివరి దాకా చదివింది. అదే ఓడ బొమ్మ, అదే నీలం గీత. ఈశ్వరి సెలవు పెట్టినప్పటి నుంచి అందులో ఒక్క అక్షరం మారలేదు. అది ఆమెను ఇంకా బాధించింది. తను రోజూ ఇంత పని చేస్తూ కింద ఉంటే, ఆ మనిషి చెయ్యి వేయకుండానే పైన కూర్చుంది. పేజీ మూసి పని మొదలుపెట్టింది. కాసేపటికి మళ్ళీ తెరిచింది. మంచినీళ్ళు తాగి వచ్చి ఒకసారి, ఎవరితోనో ఫోను మాట్లాడి పెట్టేసి ఒకసారి, అలా రోజంతా తెరుస్తూనే ఉంటుంది. ఒక్కోసారి ఆ వాక్యాలు చదువుతుంటే ఈశ్వరి గొంతు వినిపిస్తుంది.

ఇద్దరూ ఒకే బళ్ళో చదివారు, ఒకే చోట కంప్యూటర్ నేర్చుకున్నారు, ఈ ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. మధ్యాహ్నం ఒకరి క్యారియర్లో కూర ఇంకొకరు తినేవారు. ఒకరోజు ఈశ్వరి తలనొప్పి అని సెలవు పెట్టింది. ఆ రోజు ఆమె మధురవాడలో కొత్తగా పెట్టిన పెద్ద కంపెనీకి వెళ్ళి వచ్చిందని, అక్కడ పని దొరికిందని సూర్యకళకు తర్వాత వీధిలో ఎవరో చెప్పగా తెలిసింది. అడిగితే, "కుదిరితే సెప్దామనుకున్నానే," అంది ఈశ్వరి. సూర్యకళ కూడా ఆ కంపెనీకి రాసుకుంది. వాళ్ళు పిలవలేదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే జాలరిపేట వీధి మొదట్లో కంపెనీ తెల్లకారు వచ్చి ఆగేది. పిల్లలు ఈశ్వరి కారు వచ్చిందని అరుచుకుంటూ పరిగెత్తేవారు. మెడలో నీలం రిబ్బనుకు వేలాడే కార్డుతో ఈశ్వరి ఎక్కేది. సూర్యకళ అమ్మతో పాటు ఆటో కోసం నిలబడి, వేరే వైపు చూసేది. ఆమె భర్త కోటి వేటకు వెళ్ళి వచ్చిన ప్రతిసారీ వలలు ఆరేస్తూ అదే అడుగుతాడు, ఈశ్వరి ఒక మెట్టు దిగిందా లేదా అని. అతను హాస్యానికే అంటాడు. ఆ పూట ఆమె అన్నం సరిగా తినదు.

పదకొండు దాటాక గవర్రాజు ఫోను చేశాడు. ముసలాయన మాట మెత్తగా ఉంటుంది. సింగపూరు ఓడొకటి వస్తోందని, కబురు సైట్ చూసే పంపారని, మొదట మనదే కనిపిస్తోందని సంబరంగా చెప్పాడు. ఆమె సరేనండి అంది. ఆయన తన దుకాణం పేరే కొట్టి చూసుకుని ఉంటాడనుకుంది. పేరు కొడితే ఎవరిదైనా మొదటే వస్తుంది. పెద్దాయనకు ఆ తేడా చెప్పి ప్రయోజనం లేదని ఊరుకుంది. ఇంతకు ముందూ ఆయన ఇలాగే అంటే ఇలాగే ఊరుకుంది.

మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. సూర్యకళ కంప్యూటర్ మాత్రం మళ్ళీ వెలగలేదు. ఆఫీసు వ్యవహారాలన్నీ చూసే సాయిశంకర్ వెనక తీగలు లాగి చూసి, లోపల ఏదో కాలిందని, ఈ పూటకు పక్కదాని మీద చేసుకోమని చెప్పాడు. పక్కది అంటే ఈశ్వరి కూర్చున్నది. ఆమె వెళ్ళాక అక్కడ ఎవరూ కుదురుకోలేదు. కుర్చీ సీటు ఒక పక్కకు దిగి ఉంది. ఈశ్వరి కాలు మడిచి కూర్చునేది.

సూర్యకళ అందులో మెయిల్ తెరవలేదు. చేతి అలవాటు కొద్దీ ముందు వెతికే మాటలే కొట్టింది.

మొదట గవర్రాజు సైట్ వచ్చింది.

ఆమె మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. ఈశ్వరిది ఎక్కడుందో వెంటనే కనిపించలేదు. పేజీని కిందికి జరిపితే దాదాపు అడుగున ఉంది. ఈ కంప్యూటర్ కూడా పాడైందని సాయిశంకర్‌ను పిలిచింది. అతను వంగి చూసి నవ్వాడు.

"ఇది బానే ఉంది సూర్యా. నీదాంట్లోనే తేడా. నువ్వు మెయిల్ తెరిచి వెతుకుతావు కదా. రోజూ పోయి పోయి ఆవిడ సైటే నొక్కుతుంటే, నీకదే కావాలి కాబోలని గూగుల్ నీకు పైన పెడతాది. ఊళ్ళో అందరికీ అలా కనిపించదు."

"మరి మనది?"

"ఎండాకాలం ముందు నుంచీ మనదే ఫస్టు. గవర్రాజుగారికి చెప్పాను కూడా. నీకు తెలుసనుకున్నానే."

అతను వెళ్ళిపోయాడు. సూర్యకళ తెర వైపు చూస్తూ కూర్చుంది. ఎండాకాలం ముందు నుంచి తను పైనే ఉంది. ఆ రోజులన్నీ తను కిందే ఉన్నాననుకుని తిండి మానింది, వీధిలో తల తిప్పుకుంది. ఎవరికైనా చెప్పాలనిపించి తల ఎత్తింది. మిగతా వాళ్ళు వాళ్ళ తెరల్లోకి చూసుకుంటున్నారు. ఈ మెట్టు విలువ తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కతే ఉంది.

సాయంత్రం కాకముందే సెలవడిగి బయటపడింది. బండి దగ్గర బత్తాయిలు ఏరి కొంది, మచ్చ లేనివి. ఆసుపత్రిలో ఏం మాట్లాడాలో దారిలోనే అనుకుంది. ముందు ఒంట్లో ఎలా ఉందని అడగాలి. డాక్టరు ఏమన్నాడని అడగాలి. బత్తాయి ఒలిచి చేతిలో పెట్టాలి. అప్పుడు, ఏదో గుర్తొచ్చినట్టు, నాదిప్పుడు పైనుందే అనాలి. అన్నాక ఏమీ మాట్లాడకుండా ఈశ్వరి ముఖం చూడాలి. ఆ ముఖం ఎలా మారుతుందో ఊహించుకుంటూ ఆమె వేగంగా నడిచింది. తల్లికి చెప్పి ఆటో ఎక్కుదామని చేపల వరస వైపు తిరిగింది.

పోతమ్మ చోటులో పోతమ్మ లేదు. మధ్యలో కూర్చునే వాళ్ళు అప్పటికే అమ్ముకుని వెళ్ళిపోయారు. పోతమ్మ కానాగంతలు వరస చివర ముసలమ్మ గంపలో ఉన్నాయి. ముసలమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఎవరికో చేప శుభ్రం చేసి ఇస్తోంది. సూర్యకళను చూసి, ఆ మనిషి వెళ్ళేదాకా ఆగింది.

"మీ అమ్మ ఆసుపత్రికెల్లిపోనాదే. వరహాలమ్మ కబురెట్టింది."

"నానూ అక్కడికే ఎల్తన్నాను."

ముసలమ్మ చేతులు నీళ్ళలో ముంచి తీసింది.

"ఈశ్వరి పోనాదే. మజ్జానం."

సూర్యకళ బత్తాయిల సంచీని ఒక చేతి నుంచి రెండో చేతికి మార్చుకుంది. ముసలమ్మ కత్తిపీటను గుడ్డతో తుడుస్తూ నెమ్మదిగా చెప్పింది.

"నిన్న నాను గంజి అట్టుకెల్లాను. నీ గురించే అడిగింది. సూర్య రాదేటి పిన్నీ, దాంది పైకెల్లిపోనాది, ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ రోజూ దాందే తెరిసి సూసీదాన్ని, కళ్ళు మండిపోయీవి అన్నాది. ఆ మాట దానికి నానే సెప్పాల అన్నాది. ఏటి పైకెల్లడమో నాకేటి తెలుసు."

"ఏడిసిందా?"

"లేదే. నవ్వింది."

తనను రమ్మన్నది ఇందుకేనా అని ముసలమ్మను అడిగి లాభం లేదు. సూర్యకళ గోడ వారన నిలబడింది. ఆమె చేతుల్లో నిమ్మ సబ్బు వాసన ఇంకా ఉంది.

సంచీ పట్టుకుని ఒకామె వచ్చి, అలవాటుగా వరస మొదట్లో ఆగింది. కిందికి చూసింది. చివరిదాకా నడిచి వెళ్ళి ముసలమ్మ దగ్గర కూర్చుంది.

పోతమ్మ కబురు విని పరిగెత్తే ముందు తన గంపను కూడా బోర్లించి వెళ్ళింది. అంత కంగారులోనూ దాన్ని రెండో చోటులోనే బోర్లించింది. దాని పక్కన, మొదటి చోటులో, వరహాలమ్మ గంప పొద్దున్న పెట్టినట్టే ఉంది. ఎక్కడినుంచో ఎగిరి వచ్చిన చేప పొలుసొకటి దాని వెదురు అల్లిక మీద అంటుకుని, ఎండి, తెల్లగా మెరుస్తోంది.