నాలుగు మిల్లీమీటర్లు

తండా మొదట్లో బండి ఆపి జయరాజ్ ఆ కాగితాన్ని మరోసారి విప్పాడు. ఉదయం నుంచి ఇది మూడోసారి. అందులో ఉన్నది ఒక్కటే పట్టిక. బోడుగుట్ట తండా పెంటగుంతల నుంచి ఏరి, ఆడవని చీటీ అంటించి అతడు హైదరాబాదుకు పంపిన కొమ్ము పురుగులు నలభై. జన్యు పరీక్ష చేసినవాళ్లు వాటిలో ఇరవై తొమ్మిది మగవని తేల్చారు.

పామాయిల్ తోటల చీడల మీద పనిచేసే ఒక చిన్న పరిశోధన కేంద్రంలో జయరాజ్‌ది ఉద్యోగం. సత్తుపల్లి నుంచి అడవి అంచు దాకా పరుచుకున్న తోటల్లో కొమ్ము పురుగు మొవ్వు తొలిచి చెట్లను చంపుతోంది. అది గుడ్లు పెట్టేది మాత్రం చెట్టులో కాదు, కుళ్లిన పెంటలో, పండ్లు తీసి పారేసిన గెలల కుప్పల్లో. ఆడ పురుగులు ఎక్కడ ఎక్కువ పుడుతున్నాయో తెలిస్తే ముందు అక్కడ మందు చల్లవచ్చు. ఆ చోటు కనిపెట్టడమే రెండేళ్లుగా అతని పని.

మొదట్లో ప్రతి పురుగునీ వెల్లకిలా తిప్పి చూసేవాడు. ఆడదానికి తోక చివర గోధుమరంగు నూగు ఉంటుంది. మగదానికి నున్నగా ఉంటుంది. అలా చూసిన మొదటి రెండు వందలూ కాలువ అవతలి పెద్ద తోటల గెలల కుప్పల నుంచి వచ్చినవి. వాటిలో మగవాటి కొమ్ములన్నీ నాలుగు మిల్లీమీటర్లు దాటాయి, ఆడవాటివి ఒక్కటీ దాటలేదు. ఆ తర్వాత అతడు తిప్పి చూడటం మానేశాడు. కాలిపర్స్‌తో కొమ్ము కొలిచి, నాలుగుకు తక్కువైతే ఆడది అని రాసుకుంటూ పోయాడు. పని చాలా చురుగ్గా సాగింది.

తెలియక చేసిన పని కాదు. శిక్షణ తరగతుల్లో ఆ సంగతి చెప్పేది తనే. ఆడా మగా తేడాను నడిపే జన్యువు ఇద్దరిలోనూ ఉంటుంది, ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా పనిచేస్తుంది. కొమ్ము ఎంత పెరగాలో మాత్రం అదొక్కటే తేల్చదు. పెంటలో పిల్లపురుగుగా ఉన్నప్పుడు ఎంత తిన్నదో, గూటిలో కొమ్ము మొలిచే వేళకు శరీరానికి తెలిసి ఉంటుంది. కడుపునిండా తిన్న మగదానికి పొడవాటి కొమ్ము వస్తుంది. తిండి చాలని మగదానికి మొటిమంత వస్తుంది. తండా గుంతల్లో బక్క ఎడ్ల పేడ, కంది పొట్టు తప్ప ఏమీ లేవని అతడు చూస్తూనే ఉన్నాడు. అయినా పెద్ద తోటల్లో గీసుకున్న గీతనే ఇక్కడికీ మోసుకొచ్చాడు.

తండాలో నాలుగింట మూడు ఆడవేనని నివేదిక ఇచ్చాడు. పోయిన నెల ట్రాక్టర్ వచ్చి తొమ్మిది గుంతలు తోడి, పెంటను ఎండలో పరిచి, మందు పొడి చల్లి పోయింది. కాలువ అవతలి కుప్పలను ఎవరూ ముట్టలేదు. ఈ గురువారం పక్క గూడేల్లో మరో పదిహేను గుంతలు తోడబోతున్నారు.

ఉదయం పై అధికారి బాబూరావుకు ఫోన్ చేశాడు.

"ఇప్పుడెందుకయ్యా కదిలిస్తవ్? సంవత్సరం రిపోర్టుల ఓ మూలకు వివరణ రాస్తే అయిపాయె."

"సార్, అవి మగవి."

"మగవైనా పురుగులే గద."

ఆ మాటకు జయరాజ్‌కు కలిగింది కోపం కాదు, ఊరట. అంత హాయిగా ఊరట కలిగినందుకే భయం వేసింది. ఆ భయమే అతణ్ణి బండి ఎక్కించింది.

రేకుల పందిరి కింద మంగ్లి ఎర బకెట్లు దులుపుతోంది. యాభై దాటిన మనిషి. తోటల్లో వేలాడదీసిన బకెట్లలో పడ్డ పురుగులను రోజూ ఏరి డబ్బాల్లో వేయడం ఆమె కూలి పని. పక్కనే ఆమె మరిది కిషన్‌లాల్ కూర్చుని పగ్గం పేనుతున్నాడు. తోడేసిన తొమ్మిది గుంతల్లో ఒకటి అతనిది.

"దా సారూ," అన్నాడు కిషన్‌లాల్. "ఇయ్యాల ఎవల గుంత తోడిపిస్తవ్? నాదైతే అయిపాయె. ఇంక తోడాల్నంటే ఇంట్ల వంట పొయ్యే ఉన్నది."

"ఊకో కిషన్. సారును కూసోనియ్యి," అని మంగ్లి ముక్కాలిపీట జరిపింది.

జయరాజ్ కూర్చోలేదు. దారి పొడుగునా అతడు ఒకే పని చేస్తూ వచ్చాడు. జరిగినదాన్ని పొరపాటుగా మార్చుకునే పని. పొరపాటైతే ఒప్పుకోవచ్చు, దిద్దుకోవచ్చు. అంతా మారింది గానీ ఒక్క క్షణం మాత్రం మారనంది. అది పోయిన వానాకాలంలో, ఈ పందిరి కిందే జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఇద్దరు విద్యార్థులకు అతడు కొలతలు నేర్పుతున్నాడు. మంగ్లి అతని ఆడ డబ్బాలోంచి ఒక పురుగును తీసి, బొటనవేలితో తిప్పి చూపించింది.

"ఇది పోతు సారూ. తోక కాడ నూగు లేదు చూడు."

"కొలత ప్రకారం ఆడదే మంగ్లమ్మా," అన్నాడతడు. విద్యార్థులు నవ్వారు. ఆమె పురుగును మళ్లీ అదే డబ్బాలో, కాలు విరగకుండా, జాగ్రత్తగా పెట్టింది.

నవ్వింది వాళ్లు. అతడు నవ్వలేదు, ఎందుకంటే అతడు చూశాడు. నల్లగా, నున్నగా మెరుస్తున్న తోక. ఒక్క వెంట్రుక లేదు. చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడవడం పూర్తయ్యేసరికి చూడనివాడైపోయాడు. మనిషి తన నుంచి తాను దాక్కోవడానికి అంత చిన్న పని చాలునని అతనికి ఇవాళే తెలిసింది.

చిన్నప్పుడు కూసుమంచి చర్చిలో పాపపు ఒప్పుకోలు అందరూ ఒకేసారి చదివేవారు. తల్లి ఇన్నమ్మ పక్కన నిలబడి తనూ చదివేవాడు. అందరి గొంతుల్లో తన గొంతు తనకే వినపడేది కాదు.

"పరీక్షల తేలింది," అన్నాడు. "ఈ తండల నేను ఆడవని రాసినయి చానవరకు మగవే. తిండి చాలక కొమ్ము పెరగలే. నేనే తప్పు రాసిన. మీ గుంతలు తోడించాల్సింది కాదు."

పగ్గం పేనుతున్న చేతులు ఆగాయి.

"అంటే నా గుంతల ఉన్నయి మగపురుగులు."

"అవ్."

"తిండి లేని మగపురుగులు."

"అవ్."

"బక్కగున్నయని ఆడోళ్ల లెక్కల రాసినవ్." కిషన్‌లాల్ ముక్కుతో ఒక నవ్వు నవ్వాడు. "మంచిగున్నది. ఈయేడు నా మిర్చికి బుక్కెడు పెంట ఎయ్యలే సారూ. మందు కలిసిన పెంట మొక్కకు ఎట్ల ఎయ్యాలె?"

మంగ్లి బకెట్‌లోకి చూస్తూ ఉంది. తను అప్పుడే చెప్పానని ఇప్పుడు ఆమె అంటుందని జయరాజ్ ఎదురుచూశాడు. అంటే బాగుండునని కూడా అనిపించింది. ఆమె అనలేదు.

అతడు ముక్కాలిపీట మీద కూర్చుని, మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకుని బాబూరావుకు ఉత్తరం రాశాడు. గురువారం పని ఆపమని, కొమ్ము కొలత తండా పురుగులకు చెల్లదని, తప్పు పూర్తిగా తనదని. రాసి పైకి చదివాడు. చివరి వాక్యం దగ్గర కొంచెం ఆగి చదివాడు.

"ఈ సంగతి నాకు పోయిన ఏడాదే మంగ్లి గారు చెప్పారు. నేను వినలేదు."

మంగ్లి తల ఎత్తింది. "నా పేరెందుకు సారూ?"

"నిజం గద."

"నీకు నిజం. నాకు పని. బకెట్లు దులిపేది సార్లకు సదువు చెప్తున్నదంటరు. రేపటికెల్లి ఇంకొకళ్లను పెట్టుకుంటరు."

"అట్ల కానియ్య. నేను చూసుకుంట."

"అప్పుడు చూసుకున్నవా?"

కూరలో ఉప్పు వేశావా అని అడిగినట్టు అడిగింది. కోపం లేదు. అందుకే ఆ మాటను పక్కకు తోసేయడానికి అతనికి పట్టు దొరకలేదు.

ఆమె పేరు కొట్టేశాడు. తండావాళ్లు చెప్పారని రాయబోయాడు. తండా అంటే ముందు నన్నే అడుగుతరని కిషన్‌లాల్ గొణిగాడు. అదీ కొట్టేశాడు. చివరికి ఇలా మిగిలింది. పోయిన ఏడాదే ఒక పురుగులో ఈ తేడా నా కంట పడింది, అయినా పట్టించుకోలేదు. అందులో అబద్ధం లేదు. అబద్ధం లేకుండానే ఆ వాక్యంలో మంగ్లి బొటనవేలు మాయమైంది, అతని కన్ను మిగిలింది.

ఫోటో తీసి బాబూరావుకు పంపాడు. పంపాక చేయడానికి ఏమీ లేక పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు. మంగ్లి ఒక్కో పురుగునూ వెల్లకిలా తిప్పి చెబుతుంటే రాసుకోసాగాడు. కాలిపర్స్ సంచీలోంచి తీయలేదు. "పోతు. పోతు. ఆడది. పోతు." పావుగంట గడిచాక ఫోన్ మోగింది. మెసేజ్.

"ఏమన్నరు?" అంది మంగ్లి.

"గురువారం పని ఆపుతరంట."

"ఆపితే మంచిదే. ఇంకేమన్నరు?"

అతని చెయ్యి కళ్లద్దాల మీదికి వెళ్లింది. ఆ సంగతి తెలిసి, చేతిని కిందికి దించాడు. తెర మీద అక్షరాలు మసకగా ఉన్నాయి. మసకగానే పైకి చదివాడు.

"ఏడాది కిందే కనిపెట్టినవన్నమాట. నీ కన్ను మంచి కన్ను జయరాజ్. దీని మీద పేపర్ రాయి."

కిషన్‌లాల్ ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత పగ్గం ఒళ్లోంచి జారిపోయేదాకా నవ్వాడు. మంగ్లి నవ్వలేదు. జయరాజ్ చూపు తిప్పుకోకుండా ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపటికీ ఆమె ముఖం అతనికి ఏమీ చెప్పలేదు.

ఆమె బకెట్‌లోంచి ఇంకో పురుగును తీసింది. కొమ్ము మొటిమంత ఉంది. బొటనవేలితో తిప్పి, వెలుతురుకు పట్టి, ఈసారి అతని దాకా చెయ్యి చాపింది.

"నువ్వు చెప్పు సారూ."

అతడు వంగి చూశాడు.

"పోతు," అన్నాడు.

"రాస్కో మరి," అంది.